బ్యాటరీని మార్చే ముందు మార్చవలసిన అమరికలు

తమిళనాడు ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకం 2011 సెప్టెంబరు 15న తిరువళ్ళూరును ఆనుకొని ఉన్న కాక్కళూరులో ప్రారంభమైంది. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థుల ఇళ్లకు కంప్యూటరు చేరడానికి అది దారి తీసింది. అన్నకు వచ్చిన ల్యాప్‌టాప్‌తో చెల్లెలు పరీక్షకు చదువుకొనే ఇంట్లో, విద్యుత్తు పోయిన అరగంటకే అది ఆగిపోతే నష్టపోయేది ఆమె చదువు. అటువంటప్పుడు కొత్త బ్యాటరీ కొనాలన్న ఆలోచన సహజం. అయితే అంతకు ముందు ఖర్చులేని ప్రయత్నం ఒకటి ఉంది.

విండోస్ 10లో ‘సెట్టింగ్స్’, అందులో ‘సిస్టమ్’, అందులో ‘బ్యాటరీ’ తెరవాలి. విండోస్ 11లో దీని పేరు ‘పవర్ అండ్ బ్యాటరీ’.

1. తెర వెలుగు: బ్యాటరీని అధికంగా ఖర్చు చేసే వాటిలో తెర ముఖ్యమైనది. కంటికి ఇబ్బంది కలగనంత మేరకు వెలుగు తగ్గించాలి.

2. నిద్రావస్థ: వాడనప్పుడు మూడు నిమిషాలకు తెర ఆరిపోయేలా, పది నిమిషాలకు యంత్రం ‘స్లీప్’లోకి వెళ్లేలా అమర్చుకోవచ్చు.

3. బ్యాటరీ సేవర్: ఇది సాధారణంగా 20 శాతం వద్ద మొదలవుతుంది. విద్యుత్తు పోయిన వెంటనే దీనిని స్వయంగా ఆన్ చేసుకోవడం మేలు.

4. తెరచాటు పనులు: ఏ యాప్ ఎంత బ్యాటరీ వాడిందో అక్కడే కనిపిస్తుంది. అక్కరలేని వాటిని మూసివేయాలి. అంతర్జాలం అవసరం లేనప్పుడు వైఫై ఆపాలి.

5. ప్రయాణంలో: తిరుత్తణి నుండి తిరువళ్ళూరుకు రైలులో వెళ్లేటప్పుడు మూత మూస్తే చాలదు. ‘స్లీప్’లో ఉన్న యంత్రం కొద్దికొద్దిగా విద్యుత్తు తీసుకుంటూనే ఉంటుంది. ‘హైబర్నేట్’లో పని డిస్కులో భద్రమవుతుంది, ఖర్చు దాదాపు ఉండదు.

ఇవి ఒక్క చార్జింగ్‌తో పనిచేసే సమయాన్ని పెంచుతాయి. బ్యాటరీ మన్నిక మరొక విషయం. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి, నిరంతరం నిండుగా ఉండటం రెండూ చేటు చేస్తాయి. చార్జింగ్‌ను 80 శాతం వద్ద ఆపే అమరిక తయారీదారు ఇచ్చి ఉంటే, ఇంట్లో వాడేటప్పుడు దానిని ఎంచుకోవాలి. పరుపు మీద ఉంచితే గాలి ఆడక యంత్రం వేడెక్కుతుంది. బల్ల మీద ఉంచడం మంచిది.

అమరికలు మార్చక ముందు ఎంత సేపు పనిచేసిందో, మార్చిన తరువాత ఎంత సేపు పనిచేసిందో కాగితం మీద వ్రాసుకోవాలి. తేడా కనిపించకపోతే బ్యాటరీ అరిగిపోయి ఉండవచ్చు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం చార్జింగ్ చేయరాదు, గుచ్చరాదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా సేకరణకు అప్పగించాలి.