పాత కంప్యూటర్‌ను మార్చే ముందు: ర్యామ్ ధరలు నేర్పే పాఠం



పోయిన నెల పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మా ఏడో తరగతి విద్యార్థి నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా లేవలేదు. జేబులోంచి ఫోన్ తీసి రెండు కొటేషన్లు చూపించారు. ఒకే షాపు, ఒకే కంప్యూటర్. మధ్యలో మూడు వారాలే తేడా. రెండో కొటేషన్‌లో ధర బాగా పెరిగింది.

"గింత ఫరక్ ఎట్లొచ్చింది మేడం? ఇంకా పెరుగుతదంటున్నరు. టర్మ్ ఫీజు గూడ ఇదే నెల. చిట్టీ ఎత్తుకోనన్నా ఇప్పుడే కొనమంటరా?" అని అడిగారు. ఆయనది గౌలిపురలో టైలరింగ్ షాపు. పక్కనే నిలబడ్డ బాబు తల దించుకుని "మాది డబ్బా కంప్యూటర్ మేడం" అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను: "ఆ డబ్బా మూత తీసి లోపల ఏముందో ఎప్పుడైనా చూశారా?" చూడలేదన్నారు. మనలో చాలామందిమి చూడం. అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మీకు. కొత్త కంప్యూటర్‌కు డబ్బు కట్టే ముందు పది నిమిషాలు కేటాయించి చదవండి.

ధర ఎందుకు పెరిగింది?

పెళ్లిళ్ల సీజన్‌లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. పెద్ద ఫంక్షన్ హాళ్ల డెకరేషన్ వాళ్లు తెల్లవారకముందే వచ్చి గంపలకు గంపలు ఎత్తుకుపోతారు. ఇంట్లో దేవుడి పటానికి మూర పూలు కొనాలనుకున్నవాళ్లు మిగిలినవాటికే ఎక్కువ ధర పెట్టాలి. పూల తోటలు రాత్రికి రాత్రి పెరగవు కదా!

ర్యామ్ విషయంలోనూ అదే జరిగింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు చాలావరకు తయారు చేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ నడిపే డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమరీ పెద్ద మొత్తంలో కావాలి. దాని మీద లాభమూ ఎక్కువే. అందుకని ఫ్యాక్టరీలు అటు మళ్లాయి. ఇంటి కంప్యూటర్లకు వచ్చే సరుకు తగ్గింది. 2025 చివరి నెలల్లో చాలా రకాల ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. మన హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం ఉన్న మైక్రాన్, ఇళ్లకు అమ్మే తన ‘క్రూషియల్’ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి మీ షాపువాళ్లు ధర పెరిగిందని చెబితే, అది మాయమాట కాదు.

ధర పెరిగిన మాట నిజమే. కానీ అందుకని కొత్తది కొనాల్సిందే అనడం వేరే మాట. ఈ రెండింటినీ కలపకండి.

‘ప్లాట్‌ఫామ్’ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ ఒక జట్టు. ఈ జట్టునే ప్లాట్‌ఫామ్ అంటారు. ఒక తరం ర్యామ్ ఇంకో తరం బోర్డులో పట్టదు. ర్యామ్ స్టిక్ అంచున చిన్న గాటు ఉంటుంది. తరం మారితే ఆ గాటు చోటూ మారుతుంది. పొరపాటున పెట్టినా లోపలికి దిగదు.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. బీఈడీ చదివే రోజుల్లో నా పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ కొన్నాను. దానిలో ఉన్నది డీడీఆర్3. నేను కొన్నది డీడీఆర్4. ప్యాకెట్ చించానని షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఒక నెల హాస్టల్ ఖర్చులో సగం అలా పోయింది. మీకు ఆ నష్టం రాకూడదు.

మూడు తరాలను గుర్తుంచుకుంటే చాలు:

• డీడీఆర్3: 2007లో మొదలైంది. సుమారు పదేళ్లు దాటిన కంప్యూటర్లలో ఎక్కువగా ఇదే.

• డీడీఆర్4: 2014లో వచ్చింది. గత ఏడెనిమిదేళ్లలో మన ఇళ్లకు వచ్చిన కంప్యూటర్లలో చాలావరకు ఇదే.

• డీడీఆర్5: 2021 చివరి నుంచి ఇంటి కంప్యూటర్లలోకి వచ్చింది. ఇప్పుడు వచ్చే కొత్త బోర్డుల్లో ఎక్కువ భాగం దీనికే పనికొస్తాయి. ఉదాహరణకు ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 తప్ప మరొకటి పట్టదు.

దీని అర్థం ఏమిటి? డీడీఆర్4 ఉన్న ఇల్లు కొత్త ప్లాట్‌ఫామ్‌కు మారాలంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొనాలి. మీ దగ్గరున్న ర్యామ్ స్టిక్ అక్కడ పనికిరాదు. తాళం పాడైందని తలుపు, ద్వారబంధం కూడా మార్చినట్టు అవుతుంది. ర్యామ్ చవకగా ఉన్న రోజుల్లో అది పెద్ద భారం కాదు. ఇప్పుడు భారమే. డీడీఆర్4 ధరలు కూడా పెరిగాయి, దాచడం లేదు. అయితే మీరు కొనాల్సింది ఒక్క స్టిక్ మాత్రమే. మిగతా జట్టంతా మీ ఇంట్లోనే ఉంది. ధరలు పెరిగినప్పుడు ఇంట్లో ఉన్న పాత స్టిక్ విలువ కూడా పెరిగినట్టే లెక్క.

పిల్లల చదువుకు ఎంత ర్యామ్ కావాలి?

హైస్కూల్ పిల్లలు కంప్యూటర్ మీద చేసే పనులు చూడండి: వర్డ్‌లో ప్రాజెక్టు, పవర్‌పాయింట్, పీడీఎఫ్ పుస్తకాలు, స్క్రాచ్, కొంచెం పైథాన్, ఆన్‌లైన్ క్లాసు. వీటికి 8 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ బదులు ఒక ఎస్ఎస్‌డీ ఉంటే హాయిగా నడుస్తుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు, ఒకేసారి ఎన్నో తెరిచి పనిచేసేవాళ్లకు 16 జీబీ మేలు. కొత్త కొత్త గేములు ఆడాలంటే లెక్క వేరు. అది చదువు ఖర్చు కాదు, సరదా ఖర్చు. ఆ రెండూ ఒకే పద్దులో రాయకండి.

4 జీబీతో విండోస్ 11 నడుస్తుందని కంపెనీ చెప్పే కనీస కొలత. నడుస్తుంది కానీ, రెండు ట్యాబ్‌లు తెరిస్తే ఈడుస్తూ నడుస్తుంది. పిల్లలు విసుక్కునేది అక్కడే.

మీ అబ్బాయి, అమ్మాయితో కలిసి చేసే పది నిమిషాల పరీక్ష

1. కంప్యూటర్‌పై రోజూ చేసే పనులన్నీ ఒకేసారి తెరవండి: బ్రౌజర్, వర్డ్, ఆన్‌లైన్ క్లాసు యాప్.

2. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘పెర్ఫార్మెన్స్’, తర్వాత ‘మెమరీ’ నొక్కండి.

3. మెమరీ వాడకం 80 శాతం లోపే ఉంటే ర్యామ్ కొనకండి. మీ కష్టం వేరే చోట ఉంది. 90 దాటి అక్కడే నిలబడితే ర్యామ్ చాలడం లేదని అర్థం.

4. అక్కడే ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. ‘2లో 1’ అని ఉంటే ఇంకో స్టిక్‌కు ఖాళీ ఉంది. ‘స్పీడ్’ అంకె చూడండి. సాధారణంగా 1333, 1600 అయితే డీడీఆర్3. 2133 నుంచి 3200 మధ్య అయితే డీడీఆర్4. 4800, ఆపైన అయితే డీడీఆర్5.

5. ఇప్పుడు ‘డిస్క్’ చూడండి. ఏమీ చేయకపోయినా అది 100 శాతం దగ్గర ఊగుతుంటే, మీ కంప్యూటర్‌ను ఆపుతున్నది పాత హార్డ్‌డిస్క్. ఎస్ఎస్‌డీ ధరలూ కొంత పెరిగాయి. అయినా పాత కంప్యూటర్‌కు ప్రాణం పోయడంలో దానికి మించింది లేదు. 256 జీబీది చాలు.

6. చివరగా ‘స్టార్టప్’ యాప్‌ల జాబితా తెరిచి, మీకు అవసరం లేనివి ఆపేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కొనడానికి వెళ్లేటప్పుడు

పాతబస్తీ నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మనందరం సీటీసీ అనే చోటుకు, మెట్రోలో ప్యారడైజ్ స్టేషన్‌లో దిగి వెళ్లొచ్చు. కొత్తవి, వాడినవి రెండూ అక్కడ దొరుకుతాయి. వెళ్లే ముందు:

• పాత స్టిక్‌ను తీసి వెంట తీసుకెళ్లండి. కుదరకపోతే దాని లేబుల్ ఫోటో తీసుకోండి. నేను చేయనిది ఇదే.

• డెస్క్‌టాప్ స్టిక్ పొడవు, ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టి. ఏది కావాలో ముందే చెప్పండి. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. అది పెంచడం కుదరదు.

• వాడిన ర్యామ్ అంటే భయపడనక్కర్లేదు. దానిలో తిరిగే భాగాలు ఉండవు కాబట్టి హార్డ్‌డిస్క్‌లా అరిగిపోదు. కానీ బిల్లు, మార్చి ఇచ్చే గడువు రాతపూర్వకంగా తీసుకోండి. ఇంటికొచ్చాక ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ ఒకసారి నడపండి. తప్పులు చూపిస్తే గడువులోపే తిరిగి ఇచ్చేయండి.

• మూడు షాపులు తిరగండి. ధర రోజూ మారుతున్నప్పుడు షాపుకూ షాపుకూ కూడా తేడా ఉంటుంది.

ఎప్పుడు మార్చక తప్పదు?

పాతదాన్ని పట్టుకుని వేలాడమని నేను చెప్పడం లేదు. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 ఉండాలి. చాలా బోర్డుల్లో టీపీఎం ఉన్నా ఆఫ్ చేసి ఉంటుంది. మెకానిక్ బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే సరిపోతుంది. లేదనగానే నమ్మి కొత్తదానికి అడ్వాన్స్ ఇవ్వకండి.

మీది డీడీఆర్3 కాలం నాటిది అయితే దాని మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. లినక్స్ మింట్, ఉబుంటు లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేస్తే చదువుకు ఇంకొన్నాళ్లు నడుస్తుంది. మన హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన సంగతి పిల్లలకు చెప్పండి. అప్‌డేట్లు రాని కంప్యూటర్‌లో మాత్రం బ్యాంకు పనులు చేయకండి. బోర్డే కాలిపోతే కొత్తది కొనండి, అందులో తప్పేమీ లేదు.

తొందర ఎందుకు వద్దు?

ర్యామ్ ధరలు ఇలా ఎగరడం ఇది మొదటిసారి కాదు. 1993లో జపాన్‌లో చిప్‌లకు వాడే రెజిన్ తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి ధరలు పెరిగాయి. 1999లో తైవాన్ భూకంపం తర్వాతా పెరిగాయి. రెండుసార్లూ మళ్లీ దిగాయి. ఈసారి కారణం ప్రమాదం కాదు, గిరాకీ. ఎప్పుడు దిగుతాయో తేదీ వేసి చెప్పలేం. అందుకే ఎదురుచూసే శక్తి ఉన్నవాళ్లు ఎదురుచూడటం మంచిది. ఆ శక్తి ఇంట్లో ఉన్న పాత కంప్యూటరే ఇస్తుంది.

ఆ బాబు సంగతి

మరుసటి ఆదివారం తండ్రీకొడుకులు మూత తీశారు. 2019లో కొన్నది. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, డీడీఆర్4, ఒకే ఒక 4 జీబీ స్టిక్, రెండో స్లాట్ ఖాళీ, పాత హార్డ్‌డిస్క్. సీటీసీలో వాడిన 8 జీబీ స్టిక్ ఒకటి, చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి తెచ్చుకున్నారు. ఖర్చు రెండో కొటేషన్‌లో ఆరో వంతు కూడా కాలేదట. చిట్టీ ఎత్తలేదు. టర్మ్ ఫీజు వేళకే కట్టారు.

నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఇంకొకటి. ఆ వారం క్లాసులో ప్లాట్‌ఫామ్ అంటే ఏమిటో వివరించమంటే చెయ్యెత్తింది ఆ బాబే. స్టిక్ మీది గాటు బొమ్మను బోర్డు మీద గీసి చూపించాడు. "మా కంప్యూటర్‌లో" అని మొదలుపెట్టాడు. డబ్బా అనలేదు.

ఈ నెల ఇంటి పని, తల్లిదండ్రులకు: పైన చెప్పిన పరీక్ష మీ పిల్లలతో కలిసి చేయండి. ర్యామ్ తరం, ఎన్ని జీబీ, ఖాళీ స్లాట్లు, ప్రాసెసర్ తరం, ఈ నాలుగూ పిల్లల డైరీలో రాయించి పంపండి. కొనాలో వద్దో వచ్చే మీటింగ్‌లో ఆ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

మీ
క్లాస్ టీచర్