తేటనీళ్లను నమ్మనివాడి పాఠాలు

1. మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు. మా బాయి నీళ్లు అద్దంలా ఉండేవి. వాటిలో ఫ్లోరైడ్ ఉందని నాయిన నడుము వంగాకే తెలిసింది. తేటగా కనబడ్డదాన్ని అనుమానించడం నాకు అక్కడే అలవాటైంది. సముద్రపు బూజుల్లోని పదార్థాల నిర్మాణం తేల్చే పనిలో అదే అక్కరకొచ్చింది.

2. ఆ బూజు కోసం నడిసముద్రానికి పోనక్కర్లేదు బిడ్డా. కాకినాడ పక్కన కోరింగ మడ అడవిలో కుళ్లుతున్న కట్టెముక్క చాలు. గోదావరి, కృష్ణా డెల్టాల మడచెట్ల మీది బూజులపై శర్మ, విట్టల్ 2001లోనే పరిశోధన అచ్చువేశారు. ఉడికిన బియ్యంలో ఉప్పునీళ్లు పోసి మూడు నాలుగు వారాలు పెంచుతాం. మా అవ్వ చూస్తే అన్నం పాడుచేశానని తిట్టేది.

3. పదార్థం చేతికొచ్చాక ముందు దాని ఫార్ములా. అందులోంచి వలయాలు, ద్విబంధాలు ఎన్నో లెక్క. అది కుదరకుండా నిర్మాణం బొమ్మ గీయకు.

4. పరిశోధనకు చేరిన మూడో ఏడు, సిలికా కాలమ్ నుంచి నాలుగు మిల్లీగ్రాముల నూనెలాంటిది పట్టాను. ఎన్‌ఎంఆర్‌లో 7.7, 7.5 దగ్గర రెండు గుంపులు, 4.2 దగ్గర ఇంకొకటి. ఎంత శుభ్రమైన స్పెక్ట్రమో! కొత్త పదార్థమని రెండు వారాలు నేల మీద నిలవలేదు. మాస్ స్పెక్ట్రమ్ వచ్చింది: 149 దగ్గర తాటిచెట్టంత పీక్. సీనియర్ అక్క ఒక్క చూపు చూసి, "ఇది నీ బూజుది కాదు తమ్మీ, సాల్వెంట్ డబ్బాది" అంది. థాలేట్, ప్లాస్టిక్‌ను మెత్తబరిచేందుకు కలిపే మందు. అప్పటినుంచి ఉత్త సాల్వెంటును కూడా ఆవిరిచేసి, అడుగున ఏం మిగిలిందో చూడనిదే పని మొదలుపెట్టలేదు.

5. ఎన్‌ఎంఆర్‌లోనే ఎచ్‌ఎంబీసీ అనే ప్రయోగం మా ఊరి పెద్దమనిషిలాంటిది. ఈ హైడ్రోజన్, ఆ కార్బన్ చుట్టాలేనంటుంది. రెండు బంధాల దూరమా, మూడా అంటే నోరు విప్పదు. మేనత్త కొడుకో, చిన్నాయిన కొడుకో నువ్వే తేల్చుకోవాలి. అచ్చయ్యాక దిద్దుకున్న బొమ్మల్లో ఇక్కడ జారినవీ ఉన్నాయి.

6. తొందర వద్దు. సార్డీనియాలోని కాల్యారీలో మురుగు సముద్రంలో కలిసేచోట బ్రోట్జు 1945లో ఓ బూజు పట్టుకున్నాడు. దాన్నుంచి వచ్చిన యాంటీబయాటిక్ సెఫలోస్పోరిన్ సి నిర్మాణం తేలింది 1961లో. అబ్రహాం, న్యూటన్ రసాయన పరీక్షలతో తేల్చారు. డొరొతీ హాడ్కిన్, మాస్లెన్ ఎక్స్‌రేతో రూఢి చేశారు. స్ఫటికం దొరికితే సగం వాదన ఉండదు. అది కట్టాలంటే సాల్వెంటు మెల్లగా ఆవిరయ్యేలా సీసా మూతకు సూదితో చిల్లు పొడిచి, కదలని మూలన పెట్టు. నాదొకటి ఏడు నెలలకు కట్టింది. ఆ రోజు సీసా ఎత్తిన పిల్లగాడు కడగడానికే ఎత్తాడు.