కారు మార్పిడి లెక్క

కొండగట్టు అంజన్న గుడికి పోవు ఘాటుదారి నెక్కునపుడు కారు తన బరువును తానే మోయవలెను. బరువు హెచ్చినకొలది పెట్రోలు హెచ్చుగా కాలును. పూర్వము పేరుమోసిన అంబాసిడరునకు 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను గలదు. 1983లో వచ్చిన మారుతీ 800నకు 796 మాత్రమే. బరువును చాల తక్కువ. పెద్ద కారును విడిచి దీనిని కొన్నవారు పెక్కుమంది.

ఇక లెక్కకు వత్తము. నెలకు 600 కిలోమీటర్లు తిరుగు గృహస్థుడొకడు, లీటరునకు 10 కిలోమీటర్లు నడచు ఖరీదైన కారు నమ్మి, 15 నడచు చవుకకారును కొనెననుకొందము. 60 లీటర్లకు బదులు 40 చాలును, మిగులు 20. ఆపైన 15 విడిచి 20 నడచుదానికి పోయినచో మిగులు 10 మాత్రమే. రెండుమారులును హెచ్చినది అయిదే, ఫలము మాత్రము సగము! విద్యార్థులారా, నమ్మకమునకు మీరును వేసి చూడుడు.

కావున తిండిపోతు కారును మార్చుట లాభమే. ఇదివరకే 15 నడచుచున్నచో, మరి అయిదింటికై అప్పుచేసి లక్షలు పెట్టుట మాకు సమ్మతము గాదు. నెలకు మిగులు 10 లీటర్ల వెల యొకవైపు, అప్పుమీది వడ్డీ యొకవైపు వ్రాసి చూచుకొనవలెను. ఆ వడ్డీ తఱచుగా పిల్లల చదువుసొమ్మునుండియే పోవుచుండును.