రుబెల్లా: తల్లికి దద్దుర్లు, బిడ్డకు ముప్పు

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే తెలుగు గర్భిణికైనా తొలి రక్తపరీక్షల్లోనే రుబెల్లా నిరోధకత చూస్తారు. కారణం ఉంది: అమెరికాలో 1964-65లో ఈ వ్యాధి విజృంభించి, సుమారు 20 వేల మంది శిశువులు పుట్టుకతోనే రుబెల్లా సిండ్రోమ్ బారిన పడ్డారు. అక్కడ దాన్ని నిర్మూలించినట్లు ప్రకటించింది 2004లో.

తల్లికి స్వల్ప జ్వరం, దద్దుర్లే. మొదటి 12 వారాల్లో సోకితే మాత్రం బిడ్డకు కంటిశుక్లం, చెవుడు, గుండెలోపం. ఈ సంబంధాన్ని 1941లో గుర్తించింది ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్. పాత పుస్తకాల్లో రుబెల్లా కలిగించే ఆర్ఎన్ఏ వైరస్ కుటుంబం టోగావిరిడే, ఇప్పుడు మాటోనావిరిడే.

తెలుగు రాష్ట్రాల్లో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం 2017 ఆగస్టులో మొదలైంది. బలహీనపరచిన సజీవ వైరస్ టీకా కనుక గర్భిణులకు వేయరు.