డ్రైడాకులో ప్రయాణికుల ఓడ

మన పలనాటి పిల్లలకు సముద్రము దూరము. పడవ దూరము గాదు. మాచర్లకు సమీపముననున్న విజయపురి సౌత్ రేవునుండి నాగార్జునకొండకు పోవు లాంచీ నెక్కిన బాలబాలికలు మనలో ననేకులు గలరు. మట్టపల్లి తిరునాళ్లకు కృష్ణను బల్లకట్టుపై దాటిన సంగతిని వారి తాతలు చెప్పుచుందురు. లాంచీ నెక్కినవాడు దాని రంగును చూచును, బల్లలను చూచును, కూతను వినును. నీట మునిగియున్న యడుగును మాత్ర మెవ్వడును చూడడు. అయినను ప్రయాణికుల ప్రాణములు ముఖ్యముగా నా కనబడని భాగముమీదనే యాధారపడి యున్నవి. పెద్ద ఓడల విషయమున ఆ యడుగును కన్నులార చూచి బాగుచేయుట యెట్లో యీ వ్యాసమున కొంత చెప్పదలచితిమి.

చిన్న పడవయైనచో నలుగురు పట్టి యొడ్డునకు లాగుదురు. బోర్లించి, పలకల సందులలో నార కూరి, గుగ్గిలము పూసి, మరల నీటిలోనికి త్రోయుదురు. వేయిమందికి పైగా మోయు ఉక్కు ఓడను లాగుట యెవరితరము? కావున ఓడను నీటినుండి తీయుటకు మారుగా, ఓడ క్రిందినుండి నీటినే తీసివేయుదురు. సముద్రపు టంచున గొప్ప తొట్టివంటి గుంటను రాతితోనో కాంక్రీటుతోనో కట్టి, ఒకవైపున తలుపు నమర్చుదురు. తలుపు తీసినచో నీరు నిండును, ఓడ లోపలికి వచ్చును. తలుపు మూసి పంపులతో నీటిని తోడివేసినచో ఓడ నేలపై నిలుచును. ఇదియే డ్రైడాకు.

ఈ విద్య తెలుగుదేశమునకు క్రొత్త గాదు. 19వ శతాబ్దారంభమున గోదావరీముఖమునందలి కోరంగి రేవున ఓడల మరమ్మతు జరుగుచుండెను. 1839 నాటి తుపాను ఆ రేవును పాడుచేసెను. తరువాత విశాఖపట్టణమున వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ తలపెట్టిన ఓడల కర్మాగారమునకు 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీన అందు నిర్మితమైన జల ఉష అను ఓడను పండిత నెహ్రూ గారు జలప్రవేశము చేయించిరి. అదియే నేటి హిందూస్థాన్ షిప్‌యార్డు. అచ్చటి డ్రైడాకు 1971లో పనికి వచ్చినది. పొడవు 244 మీటర్లు, వెడల్పు 38 మీటర్లు. రెండు ఫుట్‌బాల్ మైదానములను కొసకు కొస చేర్చిన పొడవుకంటెను దీని పొడవు ఎక్కువ. అండమాను దీవులకు సుమారు 1200 మంది ప్రయాణికులను కొనిపోవు స్వరాజ్ ద్వీప్ అను ఓడ యీ కర్మాగారముననే కట్టబడినది.

ఓడ రాకపూర్వమే పని యారంభమగును. దాని పటమును ముందుంచుకొని, వెన్నుగాడి యెచ్చట నానునో కొలిచి, డాకు నేలపై దిమ్మెలను వరుసగా పేర్చుదురు. ఉక్కు దిమ్మెలైనను కాంక్రీటు దిమ్మెలైనను పైన కొయ్య పలక యుండును. కొయ్య కొంచెము నలిగి బరువును సమముగా పంచును. దిమ్మె తప్పుచోట నున్నచో ఓడ తన బరువుతో తన యడుగునే నొక్కుకొనును.

ఇందు మిక్కిలి భయము గొలుపు గడియ యొకటి కలదు. ఓడ వెనుకభాగము సాధారణముగా ముందుభాగముకంటె కొంచెము లోతుగా మునిగియుండును. నీరు తగ్గునప్పుడు అదియే మొదట దిమ్మెకు తగులును. అప్పటినుండి ముందుభాగము కూర్చుండువరకు ఓడ కొంత దిమ్మెమీదను, కొంత నీటిమీదను నుండును. దిమ్మె క్రిందినుండి పైకొత్తుట, ఓడ యడుగున నున్న బరువును తీసివేసినట్టిదే. పత్తి బోరెముల బండిలో అడుగు బోరెములను లాగివేసి పైవానిని మాత్రముంచినచో బండి యెట్లు తూలునో మన రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. అందుచే ముందుగానే ఓడను సమముగా తేల్చి, సగము నిండిన తొట్లలో నీరు కదలాడకుండ వానిని పూర్తిగా నింపుటయో ఖాళీచేయుటయో చేయుదురు. నిలకడ తప్పిన పడవ యేమగునో మనము కృష్ణలోనే చూచితిమి. 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్టణము చెంత విహారపు పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి.

నీరు పోయిన తరువాత కనబడునది సుందరమైన దృశ్యము గాదు. అడుగంతయు నాచు, గుల్లలు. ఈ బార్నకిల్ అను జీవులు చూచుటకు గుల్లలవలె నున్నను రొయ్యకు, పీతకు చుట్టములు. ఇవి పట్టిన ఓడ నీటిని ఒరసికొనుచు బరువుగా పోవును; నూనె యెక్కువ ఖర్చగును. మన సాగరపు మంచినీటిలో నివి బ్రదుకవు గాన మన లాంచీలకు ఆ బాధ లేదు. గొప్ప యొత్తిడిగల నీటిధారతో వీనిని కడిగి, గీకి, పాతరంగును తీసివేసిన పిమ్మట రేకుల పరీక్ష జరుగును. కుండ కొనునపుడు మన తల్లులు వ్రేలితో కొట్టి మ్రోత వినునట్లు, పూర్వము సుత్తితో కొట్టి రేకు గట్టిదనమును కనుగొనెడివారు. ఇప్పుడు చెవికి వినబడని ధ్వనితరంగములను పంపి మందమును కొలుచుదురు. తుప్పుతో పలుచబడిన రేకును కోసి క్రొత్తదాని నతుకుదురు. ఓడ ప్రక్కల తుత్తునాగపు దిమ్మెలు బిగించియుండును. ఉప్పునీరు ఉక్కును తినుటకు మారుగా వానిని తినును. అరిగినవానిని మార్చుట ప్రతిసారి తప్పని పని.

ప్రొపెల్లరును నునుపుచేయుదురు. దాని యిరుసు సందులను, చుక్కాని సందులను కొలుచుదురు. లంగరు గొలుసును డాకు నేలపై పరచి యొక్కొక్క కడియమును పరీక్షింతురు. మందములో నూటికి 12 వంతులు అరిగినచో గొలుసులో నా భాగమును మార్చవలయును. చివర రంగు. గుల్లలు పట్టకుండుటకు పూర్వము తగరముచేరిన విషపు రంగులు వాడిరి. అవి సముద్రపు నత్తల సంతానమునే చెరుపుటచే 2008 నుండి ప్రపంచమంతట నిషేధింపబడినవి.

ఈ పనియంతయు మనుష్యులు చేయునదే. ఇరుకైన తొట్లలో దూరి, నిప్పురవ్వల నడుమ, తలపై క్రేనులు తిరుగుచుండగా చేయుదురు. 2020 ఆగస్టు 1వ తేదీన విశాఖ కర్మాగారములో నొక పెద్ద క్రేను పరీక్షాసమయమున కూలి 11 మంది మరణించిరి. ఓడ యెక్కువారి క్షేమమునకై పాటుపడువారి క్షేమము నెవరు చూచుచున్నారని యడుగుట న్యాయమే.

ప్రయాణికుల ఓడ యడుగును ఏటేట పరీక్షింపవలెననియు, అయిదేండ్లలో కనీసము రెండుమారులు డాకులో నుంచి చూడవలెననియు అంతర్జాతీయ నిబంధన కలదు. పరీక్ష ముగిసినపిమ్మట నీటిని లోనికి వదలుదురు. ఓడ తేలకమునుపే నింపుట నాపి, దీపములు పట్టుకొని లోపలి ప్రతి కవాటమును, ప్రతి యతుకును తడిచూచెదరు. ఎచ్చటనైన చెమ్మ యున్నచో మరల తోడవలసినదే. లేకున్నచో ఓడ మెల్లగా దిమ్మెలను విడిచి లేచును. దిమ్మెల క్రింద నున్నచోట్ల రంగు పడలేదు; ఆ చోట్లను పుస్తకమున వ్రాసియుంచి, మరుమారు ఓడ వచ్చినపుడు దిమ్మెలను కొంచెము జరిపి పేర్చుదురు.