పిల్లల చేతికి సంచి ఇచ్చి పంపండి

ప్లాస్టిక్ చెడ్డదని బడిలో చెబుతారు, పిల్లలు పరీక్షలో రాస్తారు. సాయంత్రం మనమే వాళ్లను ఉత్త చేతులతో కిరాణా దుకాణానికి పంపుతాం. వాళ్లు కవర్‌తో తిరిగొస్తారు. ఇందులో వాళ్ల తప్పేముంది? చేతిలో గుడ్డ సంచి పెట్టండి, పెరుగుకు స్టీలు గిన్నె ఇవ్వండి. మొదట్లో సిగ్గుపడతారు. కోప్పడకండి, నాలుగు రోజులు మీరూ సంచి పట్టుకుని వెంట నడవండి.

మన నిజామాబాద్, బోధన్ పిల్లలకు ప్లాస్టిక్ ఎందుకు చెడ్డదో పుస్తకం లేకుండానే చెప్పొచ్చు. 1931లో మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయింది. దాని కాలువ నీళ్లతోనే ఇక్కడ చెరకు పెరిగింది, శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచింది. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. పొలాలకు కాలువ అవసరం మాత్రం తీరలేదు. ఒక ఆదివారం పిల్లలను కాలువ గట్టు మీదికి తీసుకెళ్లండి. తూము దగ్గర కవర్లు అడ్డం పడితే చివరి మడికి నీళ్లు ఎందుకు అందవో వాళ్లే చూస్తారు. మిగిలిన అన్నం కవర్‌లో ముడేసి రోడ్డు మీద పారేస్తే ఆవు కవర్‌తో సహా మింగుతుందని, అది దాని కడుపులో అరగదని కూడా అక్కడే చెప్పండి.

చలిమంటలో కవర్లు వేయకండి. ఆ పొగ పక్కనే కూర్చున్న పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పుట్టినరోజుల దగ్గరే మనం ఎక్కువగా మెత్తబడతాం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మాకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా ఒక్కరోజే కదా అనుకుంటాం. సిద్దిపేటలో శుభకార్యాలకు పళ్లాలు, గ్లాసులు ఇచ్చేందుకు స్టీలు బ్యాంకులు పెట్టారు. మన వాడలో పది ఇళ్లవాళ్లు కలిసి ఒక సెట్టు కొనుక్కుంటే చాలు, అందరి పిల్లల పుట్టినరోజులూ గడిచిపోతాయి. లేదంటే మోదుగాకు విస్తర్లు ఉండనే ఉన్నాయి.

బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పూలు చెరువులో కలిసిపోతాయి, సత్తుపిండి తెచ్చిన కవర్ కలవదు. అమ్మలారా, ఈ ఏడు సత్తు స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను మీ బిడ్డ చేతికివ్వండి.