ముట్టుకొని బాగుచేసిన పరిశుద్ధుడు



"దేవుడు పరిశుద్ధుడు. పాపినైన నా దగ్గరకు ఆయన ఎలా వస్తాడు?" మంచం పట్టినప్పుడు చాలామందికి కలిగే ప్రశ్న ఇది.

లేవీయకాండము 13వ అధ్యాయం ప్రకారం కుష్ఠరోగి పాళెము వెలుపల ఒంటరిగా ఉండాలి. తాను అపవిత్రుడనని తానే కేక వేసి చెప్పుకోవాలి. అటువంటి వానిని యేసు ప్రభువు ముందు ముట్టుకొన్నాడు, తర్వాత బాగుచేశాడు (మార్కు 1:40-42). రోగి అపవిత్రత ప్రభువుకు అంటలేదు. ప్రభువు పవిత్రతే రోగిని శుద్ధునిగా చేసింది.

కనుక దేవుడు పాపాన్ని తేలికగా తీసుకోడు, అయినా పాపిని తోసివేయడు. మహోన్నతుడైన ఆయనే నలిగిన మనస్సు గలవారితో నివసిస్తాడని యెషయా 57:15 బోధిస్తున్నది.

రోగం తగ్గాక ఆసుపత్రికి వెళ్తానని ఎవరూ అనరు. మంచివాడనయ్యాక ప్రార్థిస్తానని కూడా అనవద్దు. ఉన్నవారు ఉన్నట్టే ప్రభువు దగ్గరకు రండి.

మరొక మాట. ప్రతి జబ్బునూ పాపానికి శిక్షగా ఎంచకండి (యోహాను 9:1-3). కుష్ఠు నేడు మందులతో నయమయ్యే వ్యాధి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందులు ఉచితం. ఒంటిపై స్పర్శలేని మచ్చ ఉంటే సిగ్గుపడి దాచక, వెంటనే డాక్టరుగారికి చూపించండి. ఆ రోగం ఉన్నవారిని దూరం పెట్టకండి. మన ప్రభువు పెట్టలేదు.